తువ్వాలలో పిట్టలను తెచ్చిన పోచయ్య

పోచయ్య తాత ఇక లేడు. రెండు వారాల కిందట మేడ్చల్‌లో కేబుల్ కొనబోతుండగా ఫోను వచ్చింది. శామీర్‌పేట చెరువులో వల తీసి గట్టెక్కుతూ కుప్పకూలాడట. నా చీటీలో ఏడు వస్తువులు రాసి ఉన్నాయి. ఒక్కటీ కొనకుండా తిరిగి వచ్చాను.

ఆయన చేపలు పట్టి బతికిన మనిషి. నేను చెరువు పక్కన వెలసిన విల్లాల వెంచర్‌లో కరెంటు పనులు చూసే ఇంజినీరును. మూడేళ్ల కిందట, వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఆయన మా ఆఫీసులోకి వచ్చి నా బల్ల మీద తువ్వాల విప్పాడు. అందులో చచ్చిన పిట్టలు మూడు. ఆకుపచ్చ వీపు, ఎర్రని పొట్ట, పిడికెడంత ఒళ్లు.

"గివి నీ లైట్లు జేసిన పని, ఇంజినీరు సాబ్. నాకు రాయరాదు. నువ్వే రాస్కో."

రాశాను: తేదీ, సంఖ్య, దొరికిన చోటు. ఆ తర్వాత పిట్టలు వలస వచ్చే ప్రతి కాలంలోనూ తెచ్చాడు. ఏ లైటు కంబం కింద దొరికిందో ఒక్కసారీ తప్పు చెప్పలేదు. చదివి తెలుసుకున్నది ఆయనకు వివరించాను. చాలా పిట్టలు రాత్రిపూట చుక్కల ఆధారంగా ప్రయాణిస్తాయి. మన వెలుగు వాటి దారి చెరిపేస్తుంది. ఆ వెలుగు చుట్టూ తిరిగి తిరిగి అలసి పడిపోతాయి, లేదా అద్దాలకు గుద్దుకుంటాయి. నివారణలూ చెప్పాను: కాంతి పైకి పోకుండా దీపానికి టోపీ, తెల్ల బల్బుకు బదులు మందమైన పసుపు బల్బు, అద్దాలకు తెరలు, వలస నెలల్లో అక్కరలేని దీపాలు ఆర్పడం.

"అన్నిట్ల అల్కగ అయ్యేదేంది?"

"ఆర్పడం, తాతా."

"మరి ఆర్పు."

 మా యజమానికి రెండుసార్లు రాసి ఇచ్చాను. "ప్లాట్లు సూడొచ్చినోళ్లకు చీకటి సూపెడ్తమా?" అని నవ్వాడు.

తాత ఊరుకోలేదు. తోటలోని పొట్టి దీపాలకు గోనె సంచులు తొడిగాడు. వాచ్‌మన్ నిలదీస్తే, "సలి పెడ్తాందిరా దీనికి. దుప్పటి కప్పిన" అన్నాడు. సంచులు తీయించేశారు. మర్నాడు మళ్లీ తువ్వాల వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు. పిట్ట రెక్క సర్ది, "ఎంత దూరంకెల్లి వచ్చిందో. మన ఊర్లె సచ్చింది" అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టలేకపోయినవాడిలా సిగ్గుపడ్డాడు.

తాత పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర మా యజమాని మైకు అందుకున్నాడు. పోచయ్య జ్ఞాపకార్థం చెరువు గట్టు మీద ఎత్తయిన కంబంతో హైమాస్ట్ లైటు వేయిస్తానని, కంబం మీద ఆయన పేరు రాయిస్తానని ప్రకటించాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాత కొడుకు నర్సింలు ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా నాయిన పేరు ఊరంత మెరుస్తదన్నా. నువ్వే దగ్గరుండి పెట్టియ్యాలె."

ప్లాన్‌లో టోపీ, పసుపు బల్బు, ఆర్పే వేళ అని మూడు రాశాను. నర్సింలు చదివి నొచ్చుకున్నాడు.

"అందరి లైట్లు ఎలుగుతుంటే మా నాయినదే ఆర్పుతవా?"

మూడూ కొట్టేశాను.

వచ్చే వలసకు ముందే ఆ దీపం వెలుగుతుంది. తాతా, నీకు చేతులెత్తి మొక్కుతున్నాను. నీలా పొద్దున్నే పిట్టలను ఏరి తెచ్చేవాళ్లు ఈ గట్టు మీద మరొకరు లేరు. ఇక నేనే వెళ్లాలి. దొరికిన చోటు అన్న గడిలో నీ పేరు రాయాలి.