మేస్త్రీ వినిపించబోయిన ముగింపు

శనివారం పొద్దున్నే ఫోను వచ్చింది. మా మేస్త్రీ నిద్రలోనే పోయారట. "ఎవరూ?" అని రెండుసార్లు అడిగాను. ముందురోజు సాయంత్రమే ఆయనతో మాట్లాడాను. నవ్వారు కూడా.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. కలకత్తా నీటి సరఫరాలో కలిసి పనిచేశాం. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఆయన పని. ఇనపకడ్డీ ఒక కొస రోడ్డుమీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి వినేవారు. చుట్టూ బస్సులు, రిక్షాలు, తిట్లు. ఆయన చూపించిన చోట తవ్వితే తడి తగిలేది. ఒకసారి కడ్డీ నాకిచ్చారు.

"ఏటి ఇనబడతంది?"

"హోరు."

"హోరేటిరా! అందులో సన్నంది ఒకటుంటాది. దాన్నట్టుకో."

నా చెవికి పని నేర్పింది ఆయనే.

రిటైరయ్యాక ఆదివారాలు ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్లింట్లో కూర్చునేవాళ్లం. ఆయనది క్లారినెట్, నాది వేణువు. ఇద్దరం కలిసి ఒక బాణీ కట్టాం. పైపులో పరుగెత్తే నీళ్లు ఆయన ఊదేవారు. మా ఊరి వంశధార, ఇసుక తిన్నెలు, రెల్లుగడ్డి నేను. స్వరాలు రాయడం మాకు రాదు, అంతా నోటికే. రెండేళ్లయినా ముగింపు కుదరలేదు.

"నీ ఏరు సముద్రంలో కలిసిపోద్ది. నా పైపుకి సముద్రం ఏదిరా?" అనేవారు.

ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. వదిన వంటింట్లోంచి అనేది: "మీకన్నా నా కుక్కరు నయం. మూడు కూతలేసి ఊరుకుంటాది."

శుక్రవారం నేను బస్సులో ఉండగా ఫోను చేశారు.

"తమ్ముడూ, ముగింపు దొరికేసింది. ఊదతాను, ఇను."

బస్సు నిండా జనం. నాకు సిగ్గేసింది. "ఎల్లుండి వస్తాను కదా, ఎదురుగానే వింటాను" అన్నాను.

"నీ సిగ్గు తగలెయ్య!" అని నవ్వి పెట్టేశారు.

ఆదివారం వెళ్లాను. ఆయన్ని పాతిపెట్టిన మర్నాడు. శుక్రవారం ఆయన ఊదింది విన్నారా అని వదినను అడిగాను.

"నేను బజారుకెళ్లాను తమ్ముడూ. ఇంట్లో ఎవులూ లేరు." మళ్లీ తనే అంది, "ఊదు. ఎంతవరకొచ్చో అంతవరకే."

నా భాగం ఊదాను. ముగింపు రావలసిన చోటికి వచ్చి ఆగిపోయాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా వింటూనే ఉంది. గది నిండా జనం. బయట సందులో కుళాయికి నీళ్లొచ్చాయి. ఎవరిదో డ్రమ్ము నిండి పొర్లుతోంది. కుళాయి కట్టేయడానికి ఎవరూ లేవలేదు.