గళ్ల పుస్తకంలో రోజుకో పని

మంగళవారం ఉదయం పారాయణకు కూర్చోబోతుంటే కబురు వచ్చింది. మా ఊరి కౌన్సెలింగ్ మేడం గారు పోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పుస్తకం మూసేశాను. ప్రవచనానికి వేదిక ఎక్కితే రెండు గంటలు ఆగని నా నోటికి ఆ పూట ఒక్క శ్లోకం రాలేదు.

నర్సీపట్నంలో నా గొంతు తెలియనివాళ్లు తక్కువ. ఏడో తరగతితో బడి మానేసి, కుట్టుమిషను ముందు కూర్చునే శ్లోకాలు నేర్చుకున్నవాణ్ణి. తెలిసినదాని కంటే గట్టిగా చెప్పడం నాకు అలవాటు. "దిగులంటే ఏటి? దేవుడి మీద నమ్మకం సాలకపోడమే!" అని మైకులో ఎన్నిసార్లు గర్జించానో! అన్నిసార్లూ ముందు వరసలో నా భార్య కూర్చునే ఉంది.

ఆ రోజుల్లోనే ఆమె తిండి తగ్గించింది. తల దువ్వుకోవడం మానేసింది. పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడేది. నేను రామకోటి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. "రోజుకి ఇన్ని గళ్లు నింపు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. రాసింది పాపం, మూడు పుస్తకాలు. వాటిని కళ్లకద్దుకుని బీరువాలో పెట్టానే గాని ఒక్కటీ తెరిచి చూడలేదు.

నాలుగోది తెరిచింది మేడం గారు. మా మరదలు పోరగా పోరగా వెళ్లాం. మేడ మీద చిన్న గది. నా భార్య సంచిలోంచి ఆ పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ తిప్పి, నా ముందు పెట్టారు. గళ్లలో నామం, నామం, నామం. మధ్యలో ఒక గడిలో "నేను ఎందుకూ పనికిరాను". కొన్ని గళ్ల తరువాత మళ్లీ అదే. రాసినంతలో చివరి పేజీల్లో నామమే లేదు, అంతా ఆ మాటే.

అలవాటుగా నా గ్రంథం తీయబోతే మేడం గారు ఆపారు.

"గురువుగారూ, యుద్ధంలో సేతులొణికి, నోరెండిపోయి కూలబడిపోయినాయన ఉన్నాడు కదా. దేవుడు ముందు ఏటి సేశాడండి?"

"బోధించాడు!"

"కాదండి. ముందు ఇన్నాడు. మొదటి అధ్యాయంలో ఒక్క ముక్కకి మించి నోరెత్తలేదు. మీరు కొంచెం బయట కూకోండి."

నన్ను! బయట బల్ల మీద కూర్చుని మండిపోయాను.

ముందు డాక్టరు దగ్గరికి పంపి మాత్రలు రాయించారు. ఆ తరువాత ప్రతి గురువారం కూర్చోబెట్టి మాట్లాడేవారు. మొదట్లో "పనికిరాను" అన్న మాటకు సాక్ష్యం ఏమిటో రాయమన్నారు. బల్ల మీద నా పక్కన కూర్చునే మాకవరపాలెం టీచరమ్మ తనకు ఆ దారే పనిచేసిందని చెప్పింది. నా భార్యకు అది పడలేదు. "రాసేకొద్దీ తప్పు నాదేనని తేలతందమ్మా" అంది. మేడం గారు నొచ్చుకోలేదు. "అయితే ఈ దారి ఇప్పుడొద్దప్పా, మారుద్దాం" అన్నారు. ఇంకొకామెను అత్తగారితో సహా కూర్చోబెట్టి మాట్లాడించేవారు. అందరికీ ఒకే ప్రవచనం చెప్పే నాకు ఇది వింతగా తోచింది.

"ఇందులో ఏది గొప్పది మేడం గారూ?" అని ఒకసారి అడిగాను.

"మీకు పోటీ ఎట్టకపోతే తోసదేటండీ? ఒకరికి ముడి ఆలోచనలో, ఒకరికి మనుషుల దగ్గర. మా అప్పకి, అదే మీ ఇంటావిడకి, కాలు కదపడంలో ఉంది. ముడి ఉన్నకాడే విప్పాలి. కుదరకపోతే దారి మార్చుకోవాలి గానీ మనిషిని తప్పు పట్టకూడదు."

అదే రామకోటి పుస్తకంలో రోజుకో గడి నింపమన్నారు, ఆ రోజు చేసిన ఒక చిన్న పనితో. మొదటి గడిలో "లేచాను" అని ఉంది. నేను ఎగిరిపడ్డాను, దేవుడి పేరుండాల్సిన చోట ఇదేమిటని. "మీ దేవుడికి ఆ మాట సాలదేటండీ?" అన్నారు మేడం గారు. తరువాతి గళ్లలో స్నానం వచ్చింది, కనకాంబరం మొక్కకు నీళ్లు వచ్చాయి. ఒకరోజు "ఆయన మీద కేకలేశాను" అని వచ్చింది. దానికి మేడం గారు చప్పట్లు కొట్టారట!

నా ప్రవచనాలకు ఆవిడ వచ్చేవారు. మూడో వరసలో కూర్చుని జీడిపప్పు నములుతూ వినేవారు. అయిపోయాక ఒకటే ప్రశ్న: "ఇంతమందికి సెప్పారు సరే, ఎంతమందిది ఇన్నారు?" ఆ ప్రశ్న పడలేకే ప్రవచనమయ్యాక చాప మీద అరగంట నోరు మూసుకుని, వచ్చినవాళ్ల గోడు వింటూ కూర్చోవడం నేర్చుకున్నాను. దిగులు జబ్బు! భక్తి తక్కువై వచ్చేది కాదు! అదే మైకులో ఇప్పుడు ఇలా అరుస్తున్నాను. చదువరులారా, మీ ముందూ ఒప్పుకుంటున్నాను, అప్పట్లో నేను చెప్పింది తప్పు.

కబురు విన్నాక నాకు ఒకటే భయం. ఆ చెయ్యి లేకపోతే నా భార్య మళ్లీ పాత పేజీల్లోకి జారిపోతుందేమో! మేడం గారిని సాగనంపి వచ్చి అరుగు మీద కూలబడింది. పక్కనే కూర్చున్నాను. నాలుక చివరిదాకా వచ్చిన శ్లోకాన్ని మింగేశాను.

"ఏటండీ, ఏటీ సెప్పరేటి?" అంది.

"నువ్వు సెప్పు. ఇంటాను."

చెప్పింది. పొద్దు వాలేదాకా చెప్పింది.

మర్నాడు పొద్దున కిటికీలో పుస్తకం తెరిచి ఉంది. నిన్నటి గడిలో సన్నటి అక్షరాలు: "మేడం గారు పోయారు. ఏడ్చాను. అన్నం వండాను." పక్క గడి ఖాళీగా ఉంది. దాని మీద మూత తీసిన పెన్ను. పెరట్లోంచి మొక్కలకు నీళ్లు పోస్తున్న చప్పుడు.