ఐదు గంటల ప్రార్థనలో నా గొంతు

నేను దెయ్యాలను నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. అదేం పెద్ద గొప్ప కాదు, చాలామంది నమ్మరు. నేను ఇంకాస్త ముదురు. చర్చిలో ఎవరైనా లేచి దర్శనం కలిగింది, స్వరం వినిపించింది అని సాక్ష్యం చెబితే పైకి ఆమెన్ అంటాను కానీ, లోపల మాత్రం ఈయన ఏ మందులు వాడుతున్నాడో అనుకుంటాను. చాలా ఏళ్ళుగా కాన్పుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. నిద్రలేని మనిషికి ఏమేం వినిపిస్తాయో, నొప్పిలో ఉన్న మనిషికి ఏమేం కనిపిస్తాయో నాకు తెలుసు. దేవుణ్ణి నమ్ముతాను. ఆయన పేరు చెప్పి మనుషులు చెప్పేవన్నీ నమ్మాలని ఎక్కడా రాసి లేదు.

నాకు జరిగిన ఒకదాని మీద సాక్ష్యం చెప్పమని మా పాస్టర్ గారు ఎన్నిసార్లు అడిగినా నేను లేవలేదు. లేస్తే ఏమవుతుందో తెలుసు. సగంలోనే హల్లెలూయా అంటారు, చప్పట్లు కొడతారు. ఇందులో చప్పట్లు కొట్టకూడని భాగం ఒకటి ఉంది. కాగితం మీద పెడితేనైనా చివరిదాకా చదువుతారని ఇది రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, డాలస్ పక్కన ప్లేనోలో. మాది చిన్న తెలుగు సంఘం. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. మిగతా రోజుల్లో కలవడం ఎవరికీ కుదరదు కాబట్టి, రోజూ తెల్లవారుజామున ఐదింటికి కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రార్థన పెట్టుకున్నాం. దాన్ని నడిపేది విజయకుమారి ఆంటీ, రిటైరైన లెక్కల టీచర్. కాల్‌లోకి వచ్చినవాళ్ళు వందనాలు అని పేరు చెప్పి మ్యూట్ చేసుకోవాలి. మరిచిపోయినవాళ్ళ ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే అది ఎవరి కుక్కరో కూడా ఆంటీ కనిపెట్టేస్తారు. అంత చెవి ఆవిడది. ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న నా గొంతు ఆవిడకు ఎంత పరిచయమో వేరే చెప్పక్కర్లేదు.

కిందటి వేసవిలో మలావీ అనే ఆఫ్రికా దేశంలో, ఒక పల్లెలోని మిషన్ క్లినిక్‌కి నెల రోజుల పనికి వెళ్ళాను. డాలస్ చుట్టుపక్కల సంఘాలు కొన్ని కలిసి నడుపుతున్న క్లినిక్ అది. మా ఆయన సాఫ్ట్‌వేర్. "నెలంతా పిల్లలకి నేనే వండాలా?" అని ఒక్కసారి అడిగి, నా మొహం చూసి ఊరుకున్నారు.

క్లినిక్ అంటే రెండు గదులు, ఒక వరండా. ఎస్తేరు అనే స్థానిక మంత్రసాని నర్సు, బ్యాండా అనే డ్రైవరు, ఒక పాత జీపు. ఫోన్ సిగ్నల్ లేదు. కావాలంటే దూరంగా ఉన్న గుట్ట ఎక్కాలి. వెళ్ళిన రెండో రోజే నేను ఫోన్ ఆపేసి సూట్‌కేసు అడుగున పడేశాను. ఎస్తేరు ఫోన్‌కి చార్జింగ్ ఉన్నరోజే అరుదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా ఆయన దీన్ని నాతో వందసార్లు చెప్పించారు.

మొదటి వారాలు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. మామిడిచెట్టు కొమ్మకు కాటా కట్టి, చంటిపిల్లల్ని సంచిలో వేలాడదీసి బరువు చూసేవాళ్ళం. సంచిలో పడ్డ ప్రతివాడూ ఊరంతా వినిపించేలా ఏడ్చేవాడు, తల్లులు పడీపడీ నవ్వేవారు. ఆదివారం ఆరాధనలో కానుకలు పట్టుకుని డాన్స్ చేస్తూ ముందుకు వెళతారు. ఒకావిడ చంకలో కోడితో వెళ్ళింది. నేను అలవాటు కొద్దీ చెప్పులు బయట విడిచి, చున్నీ తలమీద వేసుకుని కింద కూర్చుంటే, ఈవిడకు బెంచీ ఎందుకు పనికిరాలేదో అని ఆడవాళ్ళంతా గుసగుసలాడుకున్నారు. మరుసటి ఆదివారం నలుగురు వచ్చి నా పక్కన కిందే కూర్చున్నారు.

మొండిదాన్ని కదా, మొదటి వారంలోనే ఎస్తేరుతో అనేశాను, "నేనున్నంత కాలం ఇక్కడ ఎవర్నీ పోనివ్వను" అని. ఆమె నవ్వలేదు. "అందరూ అదే అంటారు. ముందు గ్లవ్స్ వేసుకో" అంది.

మూడో వారంలో ఒక బుధవారం. మందులు, డీజిల్ తేవడానికి బ్యాండా పొద్దున్నే జీపేసుకుని టౌనుకి వెళ్ళాడు. టౌను రెండు గంటలకు పైగా దూరం. రాత్రికి చెల్లెలింట్లో ఉండి మర్నాడు సాయంత్రం రావాలి. మేం భోజనానికి న్సీమా తిన్నాం, మన సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో చేస్తారు. తిని చేతులు కడుక్కుంటుంటే ఒక అమ్మాయి అత్తగారి భుజం పట్టుకుని నడిచి వచ్చింది.

పేరు చికొండి. ఇరవై దాటి ఉంటాయి. అవతలి ఊరి పిల్ల, మా క్లినిక్‌కి ఎప్పుడూ రాలేదు, ఆ పేరు కూడా అప్పుడే వినడం. పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా బిగుసుకుపోయి ఉంది, కాన్పుకు ముందే మాయ విడిపోతోందన్న గుర్తు అది. గొట్టం పెట్టి విన్నాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, నెమ్మదిగా, కానీ కొట్టుకుంటోంది. నా చెవులతో విన్నాను. కిందేమో రక్తం మొదలైంది.

ప్లేనోలో అయితే ఆ అమ్మాయి ఈపాటికి ఆపరేషన్ టేబుల్ మీద ఉండేది. ఇక్కడ ఆపరేషన్ లేదు, రక్తం లేదు, జీపు కూడా లేదు. ఎద్దుబండి మీద తీసుకెళితే చీకటి పడినా చేరం. సెలైన్ పెట్టాం, ఉన్న ఇంజెక్షన్లు ఇచ్చాం. కాసేపటికి మళ్ళీ గొట్టం పెడితే ఏమీ వినిపించలేదు. చోటు మార్చి మార్చి వెతికాను. ఆ తర్వాత కాన్పు తొందరగానే అయిపోయింది. ఆడపిల్ల. తుడిచాను, రుద్దాను, ఊపిరి ఊదాను. ఎంతసేపు ఊదానో తెలియదు. ఎస్తేరు వచ్చి పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని, "తల్లిని చూడు" అంది.

తల్లికి రక్తం ఆగడం లేదు. రెండు చేతులతో గర్భసంచిని నొక్కి పట్టుకున్నాను. పట్టు కాస్త సడలితే ధారగా కారుతోంది. చేతులు తీసేది లేదని నిర్ణయించుకున్నాను, అంతే. మోచేతుల దాకా తిమ్మిరెక్కినా తియ్యలేదు. చికొండి కళ్ళు మూతలు పడుతుంటే తెలుగులోనే కేకలేశాను, "ఏయ్ పిల్లా, నిద్రపోకు, నా వైపు చూడు!" ఏ భాషైతేనేం, చూసింది.

అప్పుడు జీపు చప్పుడు వినిపించింది.

బ్యాండా విసుగ్గా లోపలికి వచ్చాడు. "సరుకంతా షాపులోనే వదిలేసి వచ్చాను. ఏది, ఎవరికి రక్తం పోతోంది?" అన్నాడు. మంచం మీద మనిషిని చూడగానే ఎత్తుకున్నాడు. దారి పొడవునా నా చేతులు అక్కడే ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. చికొండి బతికింది.

ఎవరు పిలిచారని దారిలో అడిగితే, డాలస్ నుంచి క్లినిక్ పనులు చూసే మా కోఆర్డినేటర్ ఫోన్ చేశాడని, నేనే కబురు పంపానని చెప్పాడన్నాడు. ఎస్తేరు ఎవరినో గుట్ట ఎక్కించి ఫోన్ చేయించిందనుకున్నాను. నేను చేయించానని ఎస్తేరు అనుకుంది. తర్వాతి రోజుల్లో ఊపిరి సలపని పని. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ లైన్‌లో నిలబడ్డాను. విజయకుమారి ఆంటీ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"సునీతా, ఆ చికొండి ఎలా ఉందమ్మా? బతికిందా?"

ఆ పేరు నేను మా ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు.

"మీకెవరు చెప్పారు ఆంటీ?"

"అదేంటి, నువ్వే కదా! బుధవారం ప్రేయర్‌లోకి వచ్చి చెప్పావ్. చికొండి అని, కడుపుతో ఉన్న అమ్మాయికి బ్లీడింగ్ అవుతోంది, జీపు వెనక్కి పంపించమనండి అన్నావ్. నేను కోఆర్డినేటర్‌ని నిద్రలేపి మరీ ఫోన్ చేయించాను. ఆఫీస్ టైమ్‌లో చేస్తానంటాడు, ఊరుకుంటానా?"

ప్లేనోలో తెల్లవారుజాము ఐదంటే మలావీలో మధ్యాహ్నం పన్నెండు. అప్పటికి మేమింకా భోజనానికి కూడా కూర్చోలేదు. ఆ అమ్మాయి ఎక్కడో దారిలో నడిచి వస్తూ ఉంది. ఆమెకు రక్తం మొదలవలేదు. ఆమె ఉన్నట్టే నాకు తెలియదు.

నేను వదిలిపెట్టే రకం కాదు. ఆ రోజు కాల్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. ఇద్దరు డ్రైవింగ్‌లో ఉండి సరిగా వినలేదు. మిగతావాళ్ళంతా విన్నామన్నారు, గొంతు నాదేనన్నారు, కాస్త బొంగురుగా ఉందన్నారు. రికార్డింగ్ పెట్టలేదు. మా ఆయన నా ఫోన్ బిల్లు తీశారు, ఆ నెలంతా ఒక్క కాల్ లేదు. ఎవరో ఆకతాయి పని అన్నారు. ఆ ఆకతాయికి చికొండి పేరెలా తెలుసంటే, ఆ బిల్లే మళ్ళీ మొదటినుంచి చూశారు. కోఆర్డినేటర్ ఫోన్‌లో చూస్తే, బ్యాండాకు కాల్ చేసింది మా ప్రార్థన అయిన వెంటనే. అప్పుడు చేయకపోతే జీపు ఆ సమయానికి వచ్చేదే కాదు. ఎస్తేరుకు మెసేజ్ పెడితే, "అయితే నువ్వే పిలిచావన్నమాట, మంచిది" అని జవాబిచ్చింది. ఆమెకు అక్కడితో సరిపోయింది.

నాకు సరిపోలేదు. ఒక సాయంత్రం ఆంటీ ఇంటికి వెళ్ళి, ఆ రోజు నేను ఏమన్నానో ఒక్క ముక్క వదలకుండా చెప్పమన్నాను. ఆంటీ టీ కప్పు కింద పెట్టారు.

"ఒకటి నీకు చెప్పలేదమ్మా. మరి బిడ్డ మాటేంటి అని అడిగాను నిన్ను. నువ్వు వెంటనే పలకలేదు. ఏడుస్తున్నావు. తర్వాత, తల్లి కోసం చేయండి ఆంటీ, అన్నావ్. మళ్ళీ అడిగాను. తల్లి కోసం చేయండి, అంతే అన్నావ్. లైన్ కట్ అయిపోయింది."

పాస్టర్ గారికి ఈ ముక్క కూడా చెప్పాను.  ఆ తర్వాత ఆయన సాక్ష్యం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ వేసవిలో మళ్ళీ అక్కడికే వెళుతున్నాను. సెలవు పెట్టేశాను, టికెట్ కూడా బుక్ చేసేశాను, ఎవరు ఆపినా ఆగను. భయం లేదని చెప్పను. నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ గొంతు మాట్లాడే వేళకు ఆ పాప బతికే ఉంది. ఆ తర్వాత ఆ గుండె చప్పుడు నేను నా చెవులతో విన్నాను. ఆ గొంతు నాదే అయితే, ఆ పాప కోసం నేనెందుకు అడగలేదు?