సాక్షి సంతకం: యాకయ్య సొంత చెల్లెలు

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల పక్క గల్లీలో అండాలు గిర్ని ఉంది. కారం పట్టించుకునేవాళ్లు, పసుపు కొట్టించుకునేవాళ్లు పొద్దంతా వస్తూనే ఉంటారు. మిర్చి ఘాటుకు అందరూ ముక్కులు మూసుకుంటారే గానీ నోళ్లు మూసుకోరు. అందుకే ఏ ఇంట్లో ఏం ఉడుకుతున్నదో ఆ ఇంటి కోడలికంటే ముందు అండాలుకే తెలుస్తుంది. భర్త పోయి పన్నెండేళ్లయింది. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లూ ఆ గిర్ని మీదే చేసింది, ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, నాదేముంది, వెనుక మా అన్న ఉన్నాడు అనేది.

ఆ అన్న యాకయ్య. భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి నిరుడే రిటైరై దిగిపోయాడు. ఏటా రాఖీ నాడు అండాలు పొద్దున రెండు గిరాకీలు చూసుకుని, గిర్నికి తాళం వేసి, హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా అన్న ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు కొట్టేది. అయినా సరే, ఆ చేతికి మొదటి రాఖీ తనదే. నలభై ఏళ్లుగా అదే లెక్క.

ఆ లెక్క మూడేళ్ల కింద తప్పింది. అప్పటి నుంచి తను వెళ్లేసరికే అన్న చేతికి ఒక రాఖీ ఉంటోంది. అది కట్టేది పక్కింట్లో కిరాయికి ఉండే శోభారాణి. ఆమె భర్త కూడా అదే బాయిలో పనిచేసి చనిపోయాడు. వచ్చే కొద్దిపాటి పెన్షన్‌తో, కుట్టుమిషన్‌తో ఆమె బతుకు నడుస్తోంది. యాకయ్యను నోరారా అన్నా అంటుంది. ఆ పిలుపు వినపడినప్పుడల్లా అండాలుకు చెవిలో మిర్చి గింజ పడ్డట్టుండేది. నోటితో ఏమీ అనేది కాదు. ఆ రాఖీని మెల్లగా మోచేతి వైపు జరిపి, మణికట్టు మీద తనది కట్టేది. ఏటేటా తన రాఖీ ధర పెంచుతూ పోయింది. ఈసారి నూటఎనభై పెట్టి వెండిపూతది తెచ్చింది.

ఆ వెండిపూత రాఖీ కట్టి అన్నం ముందు కూర్చున్నాక వదిన రాజమణి మాటల్లో మాటగా చెప్పింది. శోభారాణి ఉంటున్న ఇంటిని యజమాని అమ్ముతున్నాడట. దసరా లోపల కొనుక్కుంటే ఆమెకే ఇస్తానన్నాడట. ఆమె కూడబెట్టింది పోను మూడు లక్షలు తక్కువ పడితే, దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బులోంచి యాకయ్య ఇస్తానన్నాడట. అప్పు కాదు, ఊరికే.

అండాలు చేతిలోని ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టింది. ఒళ్లో అన్న పెట్టిన చీర, రెండున్నర వేలు ఉన్నాయి. తనకు మూడు లక్షల అవసరం లేదు, ఎన్నడూ అడగనూ లేదు. కానీ తను అడగకపోవడం వేరు, అన్న ఇంకొకరికి పెట్టడం వేరు. తిరుగు బస్సులో ఆ చీర సంచిని ఒళ్లో పెట్టుకోలేదు, కాళ్ల దగ్గర పడేసింది.

ఆ వారంలోనే నరేందర్ కారం పట్టించుకోవడానికి గిర్నికి వచ్చాడు. బస్టాండు పక్కన కూర్చుని టీచర్లకు, రైల్వే ఉద్యోగులకు ఇన్‌కంటాక్స్ కాగితాలు నింపే పిల్లగాడు. అన్న చెల్లెకు డబ్బిస్తే సర్కారుకు ఏమైనా కట్టాలా అని, ఎవరి సంగతో అన్నట్టు అడిగింది అండాలు. ఏమీ లేదన్నాడు నరేందర్. తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు ఎంత ఇచ్చినా తీసుకున్నవాళ్లకు టాక్స్ పడదు. బ్యాంకు ద్వారా ఇచ్చి, తెల్లకాగితం మీద ఇచ్చినట్టు రాసుకుంటే చాలు. రెండు లక్షలూ ఆపైన నగదుగా మాత్రం చేతిలో పెట్టకూడదు.

"మరి సొంత చెల్లె కాకపోతే? రాఖీ కట్టిన చెల్లె అయితే?"

నరేందర్ నవ్వాడు. "రాఖీ కడితే చట్టం లెక్కల చుట్టం కాదు పెద్దమ్మా. బయటోళ్లు ఇచ్చినయి ఏడాదిల యాభై వేలు దాటితె, మొత్తానికి మొత్తం ఆమె ఆదాయంల కలుస్తయి. గని..."

అండాలుకు కావలసింది దొరికింది. చట్టం కూడా రక్తం వైపే ఉంది. ఆ సంతోషంలో మీట నొక్కింది. గిర్ని గర్జించింది. నరేందర్ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, వేళ్లు మడిచి ఏవో లెక్కలు చెబుతున్నాడు. ఆమె తలూపుతూ మిరపకాయలు పోసింది.

కారం సంచి ఇటు పోయిందో లేదో, అటు అన్న ఫోన్ మోగింది.

"అన్నా, నీ పైసలు నీ ఇష్టం. గని సొంత చెల్లెకిస్తె టాక్స్ లేదట, బయటోళ్లకిస్తె పడుతదట. పాపం ఆ శోభారాణి పరేషాన్ అయితది. రేపు టాక్సోళ్లు నోటీసులిస్తె ఆడమనిషి ఏడ తిరుగుతది?"

యాకయ్య ఊఁ అని ఫోన్ పెట్టేశాడు. నాలుగు రోజులకు వదిన చెప్పింది, ఆ మాట వినగానే శోభారాణి చేతులు జోడించిందట. నోటీసుల ఇల్లు తనకు వద్దు, ఇంకో కిరాయి ఇల్లు చూసుకుంటానన్నదట. అయ్యో పాపం అని అండాలు గట్టిగానే అన్నది. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నది.

రెండో నాడు ఆమె ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది. మూడు పక్కన సున్నాలు వేలితో లెక్కపెట్టింది. అయిదు. వెనుకనే అన్న ఫోన్ చేశాడు.

"సొంత చెల్లెకేస్తె టాక్స్ లేదన్నవు గద. నీకేసిన. నువ్వే ఆమెకియ్యి. నీ చేతుల మీద పోతే నాకు ఇంక సంబురం."

అంటే తన ఖాతాకు వచ్చింది కూడా ఆమె కోసమే. ఆ డబ్బును మూడు రోజులు కదపలేదు. మెసేజ్ తీసి చూసుకోవడం, మూసేయడం. ఉంచుకుంటే అన్న అడగడు, అది ఆమెకు తెలుసు. అడగడని తెలిసే ఆ డబ్బు ముట్టబుద్ధి కాలేదు. నాలుగో నాడు బస్టాండుకు నడిచింది.

విషయం విని నరేందర్ తల పట్టుకున్నాడు. శోభారాణికి అండాలు కూడా బయటిదే, డబ్బును ఎన్ని చుట్లు తిప్పినా ఆ ముడి విడదు. అసలు తిప్పాల్సిన పనే లేదు. శోభారాణి పెన్షన్, కుట్టుకూలి, ఈ మూడు లక్షలు అన్నీ కలిపినా అయిదు లక్షలు దాటవు. ఈ ఏడు కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది ఏమీ ఉండదు. రిటర్న్ వేసి అందులో చూపిస్తే అయిపోయె.

"గిదే ఆనాడు చెప్తి గద పెద్దమ్మా. నువ్వు తలూపితివి."

"గిర్ని చప్పుడుల ఊపిన బిడ్డా."

ఇంటికి రాగానే వదిన ఫోన్. ఇల్లు కొనడానికి వేరేవాళ్లు రేపు మధ్యాహ్నం బయానా పట్టుకుని వస్తున్నారట. అండాలు గిర్ని ముందు చాలాసేపు నిలబడింది. నోరు మూసుకుని ఒక్క రోజు గడిపితే చాలు, శోభారాణి ఇంకో గల్లీకి పోతుంది. అన్న చేయి మళ్లీ తనదవుతుంది. కానీ తన సగం మాట మీద ఒక ఇల్లు పోతోంది, అది అన్నకు ఏనాడైనా తెలిస్తే ఆ చేయి చాపుతాడా?

తెల్లారి మొదటి బస్సెక్కింది. అన్న ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. యాకయ్య సుగర్ పరీక్షకు దవాఖానకు పోయాడు. వదిన చాయ్ ఇచ్చింది. ఊరందరినీ అన్నీ అడిగే అండాలు మూడేళ్లుగా అడగని ఒక్క మాట అప్పుడడిగింది. "శోభారాణి నాకన్న ముందు ఎందుకు కడతది వదినె?"

రాజమణి గ్లాసు కింద పెట్టింది. "నీ అన్న నువ్వు కట్టేదాక పచ్చి గంగ ముట్టడు. నాలుగేండ్ల కింద రాఖీ నాడు సుగర్ దిగి గీ అరుగు మీదనే పడిపోయిండు. శోభారాణే ఎత్తి చక్కెర నీళ్లు పోసింది. అప్పటిసంది పొద్దుగాలనే ఆమె ఒకటి కడితె రెండు ఇడ్లీలు తింటడు. నీకు చెప్పద్దన్నడు. చెప్తె చీకట్ల బస్సెక్కుతవని."

అండాలు చాయ్ చల్లారిపోయింది. కడుపులో మంట ఆరిందని కాదు. అన్న ఆకలి వేళ తనకు తెలియకపోవడం, ఆ పక్కింటామెకు తెలియడం, అది ఇంకో రకంగా మండింది. కానీ ఈ మంటకు శోభారాణిని అనడానికి లేదు.

యాకయ్య వచ్చాడు. వదిన కేకేస్తే శోభారాణి కూడా మెడలో టేపుతోనే వచ్చింది. శోభారాణికి టాక్స్ ఏమీ పడదని అండాలు అందరి ముందు చెప్పేసింది.

"నేను సగమే విన్న అన్నా. మిగతాది వినబుద్ధి కాలే."

యాకయ్య ఆమెను కళ్లార్పకుండా చూశాడు. తర్వాత మీసంలో నవ్వాడు. "ఘన్‌పూర్ మిర్చి ఘాటు గింత దూరం వచ్చింది చెల్లె."

ఆ వెంటనే బ్యాంకుకు పోయి అండాలు ఆ మూడు లక్షలు అన్న ఖాతాకు తిప్పి వేసింది. చెల్లె అన్నకు ఇచ్చినా టాక్స్ లేదని నరేందర్‌ను ఫోన్‌లో రెండుసార్లు అడిగి మరీ. అక్కడి నుంచి యాకయ్య శోభారాణి ఖాతాకు వేశాడు. బయానావాళ్లు రాకముందే ఇంటి యజమానికి కబురు పోయింది.

ఇంటికొచ్చి కాగితం రాశారు. నరేందర్ ఫోన్‌లో చెబుతుంటే రాజమణి రాసింది. యాకయ్య అభిమానంతో ఇస్తున్నాడు, తిరిగి ఇవ్వనవసరం లేదు. బంధుత్వం అనే దగ్గర పెన్ను ఆగింది. చెల్లె అని రాయమన్నాడు యాకయ్య.

"గట్ల రాస్తె అబద్ధమైతది," అన్నది అండాలు వెంటనే. "లేదని రాయాలె."

"రాయిండ్రి వదినె, ఉన్న మాటనే గద," అని శోభారాణి నవ్వింది.

బంధుత్వం లేదు అని రాసింది రాజమణి. ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నది అండాలు. సాక్షిగా సంతకం పెట్టమంటే కాగితం తన వైపు లాక్కుని, అయిదో తరగతి అక్షరాలతో పేరు రాసింది. ఎవరూ అడగకపోయినా దాని కింద, యాకయ్య సొంత చెల్లెలు అని చేర్చింది. సొంత అనే మాటను కొంచెం పెద్దగా రాసి కింద గీత గీసింది.

బస్టాండు దాకా సంచి పట్టుకుని శోభారాణే వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి అండాలు వెనక్కి తిరిగింది.

"వచ్చే రాఖీకి మొదటి బస్సుకే వస్త. నువ్వు తొందరపడి కట్టకు."

"బస్సు లేటయితే అక్కా?"

అండాలు కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది. చీర కొంగు సర్దుకుంది. బస్సు కదులుతుండగా తల బయటికి పెట్టింది.

"లేటయితే కట్టు. సన్నది కట్టు."