దేవయ్య వద్దనని మనిషి

దేవయ్యకు లోకంలో ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. మస్కట్‌లో వాదీ కబీర్ అనే చోట మా కంపెనీ క్యాంపులో నలభై మందిమి తెలుగువాళ్లం ఉండేవాళ్లం. ఆ నలభై మందికీ వండిపెట్టేది నేనే, పేరు భీమన్న. కంచం ముందు కూర్చున్న మనిషి గుణం వంటవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దేవయ్య ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. గ్లాసులో నీళ్లు వాసన చూసి తాగేవాడు. చెప్పులు విప్పితే ఒకటి తలుపు దగ్గర, ఒకటి కిటికీ కింద పెట్టేవాడు. ఒంటి చెప్పును ఎవడూ ఎత్తుకుపోడని ఆయన లెక్క. మేం నవ్వేవాళ్లం. ఎవరెవరు నవ్వారో ఆయన గుర్తుపెట్టుకునేవాడు.

ఆ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్లది కోరుట్ల దగ్గర పల్లె. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసేవాడు. తాటిచెట్టు ఎక్కేవాడికి నడుముకు చుట్టుకునే మోకే ప్రాణం. ఒకసారి పక్కింటివాడు ఆ మోకు అడిగి పట్టుకుపోయాడు. ఎక్కడో రాయికి ఒరుసుకుని పీచులు లేచింది. ఆ మాట చెప్పకుండా తెచ్చి కొయ్యకు తగిలించి పోయాడు. మర్నాడు తండ్రి సగం చెట్టు మీది నుంచి కింద పడ్డాడు. మళ్లీ లేవలేదు. కులపెద్దలు అయిదుగురు కూర్చున్నారు. అందులో ఇద్దరు పక్కింటివాడి వియ్యంకులు. మోకు చూసుకోవలసింది ఎక్కేవాడేనని తీర్పు చెప్పి, చేతులు దులుపుకుని లేచిపోయారు. అప్పుడు దేవయ్య మీసం కూడా రాని పిల్లవాడు. ఇంకొకడు ముట్టిన తాడునూ, పెద్దమనుషులు చెప్పిన తీర్పునూ ఆ రోజు నుంచి నమ్మడం మానేశాడు.

డెబ్బై నాలుగులో బొంబాయి మీదుగా మస్కట్ వచ్చాడు. చేతి ఒడుపు చూసి పరంజా పనిలో పెట్టారు. నిలువు కర్రలకు అడ్డకర్రలు, వాటి మీద పలకలు తాళ్లతో కట్టడం ఆయన డ్యూటీ. అంత ఎత్తున ఉన్నప్పుడే ఆయన మొహంలో కాస్త నవ్వు కనిపించేది. "కింద మనుషులుంటరు. మీద గాలే ఉంటది" అనేవాడు. ఒక ఆకుపచ్చ పాత లుంగీని సన్నటి పేలికలుగా చింపి జేబులో ఉంచుకునేవాడు. కట్టిన ప్రతి కట్టు మడతలో ఒక పేలిక దూర్చి బిగించేవాడు. గుడ్డ ఉంటే తన కట్టు, లేకపోతే ఎవడో విప్పి మళ్లీ కట్టాడని గుర్తు. ఇంత అనుమానం ఎందుకయ్యా అని అడిగితే, "మా నాయినకు ఒక్క పేలిక ఉన్నా బతుకుతుండె" అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు.

అలాంటి మనిషి నన్ను నమ్మాడు. వచ్చిన మొదటి ఎండాకాలం జ్వరంతో పడి ఉంటే జావ కాచి తీసుకుపోయాను. గిన్నె వంక ఆయన చూసిన చూపుకు నాకు ఒళ్లు మండింది. ఆయన ఎదుటే మొదటి గుక్క నేను తాగి గిన్నె చేతిలో పెట్టాను. అప్పటి నుంచి నేను పెట్టింది ఏదీ వాసన చూడలేదు. నలభై మందిలో నాకొక్కడికి దక్కిన ఆ మర్యాద చూసి నేను లోలోపల పొంగిపోయేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డెబ్బై ఆరులో మత్రా ఓడరేవు దగ్గర గోదాం కడుతున్నాం. ఒక బుధవారం పొద్దున నేను చాయ్ పట్టుకుపోయిన వేళకే పరంజా మీద పలక ఒక కొస లేచింది. దాని మీద నిలబడ్డ కూలీ వజీర్ రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తొడ ఎముక విరిగింది. ఆ పక్క కట్టింది దేవయ్యే. ఆయన కోతిలా పైకి ఎక్కి చూసి అక్కణ్నుంచే అరిచాడు.

"కట్టు జారలే! ఎవడో ఇప్పిండు! తాడేది? నా గుడ్డేది?"

తాడూ లేదు, గుడ్డా లేదు. కింద చెత్తలో ఎక్కడో కలిసిపోయి ఉంటుందన్నాడు మా మేస్త్రీ పెద్దులు. దేవయ్య కిందికి దిగి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మొహం చూశాడు. నా మొహం మాత్రం చూడలేదు.

మా ఇంజనీరు ఇంగ్లీషువాడు. శనివారానికి తప్పు చేసినవాడి పేరు ఒకటి కావాలన్నాడు. ఆ మనిషి ఇక కంపెనీ సైట్లలో పరంజా ఎక్కకూడదు, ఆయన బతాకా మీద ఆ మాట రాస్తారు. బతాకా అంటే మా గుర్తింపు కార్డు. దాని మీద ఆ మాట పడితే ఏ కంపెనీవాడూ మళ్లీ పరంజా పనికి తీసుకోడు. మీలో మీరే అయిదుగురు కూర్చుని తేల్చుకోండని చెప్పి కారెక్కాడు. దేవయ్యకు ఆ పని ఒక్కటే వచ్చు, ఆ పని తప్ప ఆయనకు ఇంకో గౌరవం లేదు.

గురువారం మధ్యాహ్నం గాలికి వంటపాక మీది టార్పాలిన్ కొట్టుకుంటోంది. బిగిద్దామని స్టూలెక్కాను. తాడు మడతలో వేలికి మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఆకుపచ్చ పేలిక.

ఆ తాడు సోమవారం నాడు నేను పెద్దులును సతాయించి తెప్పించుకున్నది. కూరలో ఇసుక పడుతోంది, తాడివ్వమని మూడు రోజులు ఆయన ప్రాణం తీశాను. ఆయన సైట్ నుంచి ఒక తాడు తెచ్చి నా మీదికి విసిరేశాడు. ఎక్కడిదని నేను అడగలేదు. చివర ముడి ఉన్నది ఉన్నట్టే ఉంచి, రెండో కొసతో టార్పాలిన్ కట్టేసుకున్నాను.

పేలిక పట్టుకుని పెద్దులు రూమ్‌కు పోయాను. ఆయన తలుపు వేసి మాట్లాడాడు.

"ఆ పక్క పనైపోయిందనుకున్న. పలకలు దించుతరని తాడిప్పిన. మళ్ల వజీర్‌ను మీదికి పంపుతరని నాకేమెరుక? నేను కావాలని చేసిన్నా?"

"మరి చెప్పుర్రి గదా!"

"చెప్తే నన్ను తీసేస్తరు. నేను పోయినంక వచ్చేటోడు నీ నడుం జూస్తడా? మళ్ల సిమెంటు బస్తాలు మోస్తవా? ఆలోచన చేస్కో భీమన్నా. తాడు కావాలన్నది నువ్వే."

నా నడుము బస్తాల కింద పాడైనప్పుడు నన్ను ఇంటికి పంపకుండా చేతికి గరిటె ఇప్పించింది ఆయనే. పేలిక బొడ్లో దోపుకుని వచ్చేశాను. సాయంత్రం దేవయ్యకు పోయాల్సిన చారు కంచం పక్కన పోశాను. ఆయన గమనించి, జ్వరమా అని అడిగాడు.

శుక్రవారం పొద్దున వంటపాకలోకి టైంకీపర్ నిసార్ అహ్మద్ వచ్చి చాయ్ తాగుతున్నాడు. కడపలో ఒక వకీలు దగ్గర ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేసినవాడు. దేవయ్య వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నిసార్ భాయ్, పంచాయితీల కూసునేటోళ్లే నాకు ఎదురున్నోళ్లయితే ఏం జెయ్యాలె?"

నిసార్ గ్లాసు కింద పెట్టాడు. "ఇను దేవయ్యా. మా వకీలు సాబ్ చెప్తాండె. వెనక జమానాలో ఇంగ్లాండులో ఊరోళ్లు పన్నెండు మందిని పిలిచి తీర్పు చెప్పించేటోళ్లంట. ముద్దాయి ఒక్కొక్కరి మొహం చూసి, వీడొద్దు అనొచ్చు. ఊరికే ముప్పై అయిదు మందిని కొట్టెయ్యొచ్చు, కారణం చెప్పే పనిలే. ఆ పైన అయితే కారణం చూపించాల. చుట్టమనో, పగోడనో, అవతలోని ఖర్చుతో తిని తాగినాడనో. తిండి కూడా కారణమే, చూడు!"

"మంచి పద్ధతే ఉన్నది" అన్నాడు దేవయ్య. కళ్లు మెరిశాయి.

"ఒకటి గుర్తు పెట్టుకో. అనేది ఏందన్నా ఉంటే ప్రమాణం చెయ్యకముందే అనాల. చేసినాక నోరెత్తేదానికి లేదు. ఇంకోటి, ఆ పన్నెండు మందిని ఏర్చే అధికారే ఒక పక్క మొగ్గితే, ఒక్క మాటతో పన్నెండు మందినీ కొట్టెయ్యొచ్చు."

నేను ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాను. కళ్లలో నీళ్లు వస్తే ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటపాకలోనే చాపలు పరిచారు. పెద్దులు అయిదుగురి పేర్లు చదివాడు. వడ్రంగి, ట్యాంకర్ డ్రైవరు, తాపీవాడు, ప్లంబరు, వంట భీమన్న. నా పేరు ఆయన ఎందుకు పెట్టాడో నాకు అర్థమైంది. బొడ్లో పేలిక నిప్పులా కాలుతోంది. ఇంజనీరు చెప్పాడని నిసార్ కాగితం పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

దేవయ్య లేచి వరసగా మొహాలు చూడడం మొదలుపెట్టాడు.

"వడ్ల ఆయన వద్దు. జుమ్మా నాడు మేస్త్రీతోని ఒక్క కంచంల తింటడు."

వడ్రంగి మూతి ముడుచుకుని లేచిపోయాడు.

"డ్రైవర్ వద్దు. వజీర్ రూమ్‌ల ఉంటడు, దెబ్బ తాకినోని దిక్కే మాట్లాడ్తడు. తాపీ ఆయన వద్దు. నా డ్యూటీ మీద ఆయన కన్నున్నది."

"మరి నేనేం జేసిన్నే?" అన్నాడు ప్లంబరు.

"నీ మొహం నచ్చలే."

అందరూ గొల్లుమన్నారు. ప్లంబరు తిట్టుకుంటూ పోయి గోడ పక్కన నిలబడ్డాడు. నిజానికి క్యాంపు మొత్తంలో అబద్ధమాడని మనిషి ఆ ప్లంబరే. ఆ సంగతి నాకు తెలుసు.

మిగిలింది నేను. దేవయ్య నా దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. వద్దనాలని మనసులో మొక్కుకున్నాను. ఆ ఒక్క మాట అంటే నేను బతికిపోయేవాణ్ని.

"భీమన్న ఉండనీ. ఆయన చేతి బువ్వ తింటున్న. నాకు ఆయన ఒక్కడు సాలు."

నిసార్ గొంతు సవరించుకున్నాడు. "దేవయ్యా, పొద్దున చెప్పినా గదా. ఏర్చినాయన మీద ఏమన్నా అనేదుంటే ఇప్పుడే అను. మొత్తం కొట్టేసి కొత్తోళ్లను పిలుస్తాం."

పెద్దులు మొహం మాడిపోయింది. దేవయ్య ఆయన వంక అనుమానంగా చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"అట్లయితే భీమన్న సుత పోతడు గద? వద్దు."

అప్పుడు నిసార్ నా వైపు తిరిగాడు. ఆయనకు ఏదో వాసన తగిలిందనే ఇప్పటికీ నా అనుమానం. "భీమన్నా, నువ్వు కూర్చునేదానికి అడ్డేమన్నా ఉందా? ప్రమాణం కాకముందే చెప్పాల."

నెత్తి మీద టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది. అందరూ దాని కిందే కూర్చున్నారు. తలెత్తి చూస్తే తాడు కనబడుతుంది. ఒక్కడూ తలెత్తలేదు.

"ఏం లేదు" అన్నాను.

ఉప్పు గిన్నె మీద చెయ్యి పెట్టించారు. ఏమంటావని అడిగారు. "ఆ పక్క కట్టింది దేవయ్యే" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

దేవయ్య అరుస్తాడనుకున్నాను, నా మెడ పట్టుకుంటాడనుకున్నాను. చెప్పులు వెతికి తొడుక్కుని బయటికి పోయాడు. నిసార్ పేరు రాసుకున్నాడు. మర్నాడు పొద్దున దేవయ్య సామాను సర్దుకుని భోజనానికి వచ్చాడు. కంచం ముందు గోడకు ఆనుకోకుండా కూర్చున్నాడు.

"కారణం లేంది నువ్వు అనవు భీమన్నా. రాత్రంతా ఆలోచన చేసిన. ఆ కొసకు గుడ్డ పెట్టిన్నో లేదో నాకే యాదికి వస్తలేదు."

పెట్టావయ్యా అని నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం కూర వడ్డించాను.

ఆయన్ను అల్ మవాలే వైపు పైపుల కందకాలు తవ్వే పనికి పంపారు. పెద్దులు మేస్త్రీగానే ఉన్నాడు. నేను గరిటెతోనే ఉన్నాను. వజీర్ కుంటుకుంటూ ఇంటికి పోయాడు. పేలికను పారేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, పారేయలేకపోయాను.

డెబ్బై ఎనిమిదిలో కూరగాయల కోసం కంపెనీ పికప్‌లో అల్ మవాలే పోయినప్పుడు దేవయ్య కనిపించాడు. మనిషి సగమయ్యాడు. మరో బండి మీద నీళ్ల డ్రమ్ము కడుతున్నాడు. అదే ఒడుపు, అదే ముడి. కట్టి రెండుసార్లు గుంజి చూశాడు. ఆ తర్వాత స్టీరింగు దగ్గర బీడీ తాగుతున్న డ్రైవరును పిలిచాడు.

"జర జూడు తమ్మీ, బిగిసిందా?"

డ్రైవరు వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఆ, బిగిసింది" అన్నాడు. దేవయ్య సరేనని తలూపాడు. ఎవడి మాటా నమ్మని మనిషి, తన చెయ్యి కట్టిన కట్టుకు ఒక ముక్కూమొహం తెలియనివాడి సాక్ష్యం అడుగుతున్నాడు. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. బండి దిగి పోయి, పర్సులోంచి పేలిక తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో, ప్రమాణానికి ముందే నాకు తెలుసన్న సంగతీ అంతా చెప్పాను.

ఆయన పేలికను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అంటే గుడ్డ పెట్టిన" అన్నాడు.

"పెట్టినవ్."

"నేను వద్దన్న నలుగుర్ల ఎవ్వడన్నా నిజం చెప్తుండె."

తిడతాడేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా ఉంది. ఆయన నా వైపు మళ్లీ చూడలేదు. డ్రమ్ము దగ్గరికి పోయి కట్టు విప్పి, మడతలో ఆకుపచ్చ పేలిక దూర్చి, మళ్లీ మొదటి నుంచి కట్టాడు. బిగిసిందా అని ఈసారి ఎవరినీ అడగలేదు.