అర అంగుళం నట్టు

కోదాడ బైపాస్ పక్కన కృపాకర్ లేత్ షెడ్డులో బోల్టులకు రెండు గోడలు ఉంటాయి. ఎడమ గోడకు అంగుళాలవి, కుడి గోడకు ఎంఎంవి, అంటే మిల్లీమీటర్లవి. ఎంఎం బోల్టు ప్రతిదాని తల మీద ఎర్ర రంగు చుక్క. ఒక గోడ బోల్టు ఇంకో గోడ డబ్బాలో కనిపిస్తే ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసుకునే నేను పదకొండేళ్ళుగా ఇది చూస్తున్నాను. పనితనం ఉన్నవాడి చాదస్తం అనుకున్నాను. నాకూ ఆ చాదస్తం కొంత అంటింది, దానివల్ల నష్టపోయింది ఏమీ లేదు.

ఆయన తండ్రి సూర్యాపేట చర్చిలో గంట కొట్టేవాడు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. మిర్యాలగూడలో రైసుమిల్లులకు రిపేర్లు చేసే షాపులో పని నేర్చుకున్నాడు. అక్కడి పాత మిషన్లన్నీ అంగుళాలు, కొత్తవన్నీ ఎంఎం. రెండు కొలతలూ ఆయన చేతికి వచ్చేశాయి. వేలితో తడిమి బోల్టు సైజు చెప్తే, కొలత తీసే వెర్నియర్ పెట్టి చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. అయినా కొలవకుండా ఏదీ బిగించడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. రోడ్డు మీద ట్రాక్టరు ట్రాలీ పోతుంటే లేత్ ఆపేస్తాడు. ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే ఇనుప కొండి గుంతలో పడినప్పుడల్లా ఖంగుమంటుంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింటాడు. తర్వాత మళ్ళీ మిషన్ నడుపుతాడు. వరి కోతల రోజుల్లో గంటకు ఇరవై ట్రాలీలు పోతాయి. ఇరవై సార్లూ ఆపుతాడు.

షెడ్డుకు ఎదురుగా, హైవే డివైడర్ తెగిన చోట ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. పేరు లచ్చయ్య, ఊరు నడిగూడెం. కోతలు మొదలైతే రోజూ పొద్దున ఆటోలో వచ్చి అక్కడ దిగుతాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తీసుకుపోయే ట్రాక్టర్లకు అసలు మలుపు రెండు కిలోమీటర్ల అవతల ఉంది. అంత దూరం ఎవరు పోయి వస్తారు? డివైడర్ సందులోంచి దూరి, ఎదురొచ్చే బండ్ల మధ్యనే అర కిలోమీటరు నడిపి మిర్యాలగూడ రోడ్డు ఎక్కేస్తారు. లచ్చయ్య తువ్వాలు ఊపి వాళ్ళను వెనక్కి పంపుతాడు. కొందరు తిరిగి పోతారు. కొందరు బూతులు తిట్టి దూరిపోతారు. జనం ఆయనకు రాంగ్ రూట్ లచ్చయ్య అని పేరు పెట్టారు.

పదకొండేళ్ళ కింద ఆయన కూడా అట్లాగే దూరాడు. భార్య ఉప్పలమ్మ ట్రాలీలో వడ్ల బస్తాల మీద కూర్చుని ఉంది. మిర్యాలగూడలో చెల్లెలిని చూసి రావాలని బయల్దేరింది. ఎదురుగా లారీ వచ్చింది. లచ్చయ్య ట్రాక్టరును రోడ్డు దింపాడు. ట్రాక్టరు ఒక పక్కకు, ట్రాలీ ఒక పక్కకు పోయాయి. ట్రాలీ కాలువలో బోల్తా పడి ఉప్పలమ్మ చనిపోయింది. రాంగ్ రూట్లో వచ్చాడని కేసు రాశారు. తప్పు నాదేనని ఆయన కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ తర్వాత స్టీరింగ్ ముట్టలేదు.

ఇదంతా ఊరందరికీ తెలిసిన సంగతే. తెలియనిది మొన్న నవంబరులో బయటపడింది.

ఆ పొద్దున షెడ్డులో నలుగురం ఉన్నాం. హరిలాల్ తన ట్రైలర్ షాఫ్టు కోసం కూర్చున్నాడు. అతను సౌదీలో పద్నాలుగేళ్ళు ట్రైలర్ నడిపి వచ్చిన తండా మనిషి. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే ప్రవీణ్ ఏదో పుల్లీ చేయించుకోవడానికి వచ్చాడు. కృపాకర్ లేత్ మీద ఉన్నాడు. నేను ఛాయ్ తాగుతున్నాను.

హరిలాల్ ఎడమ గోడ చూసి నవ్వాడు. "కృపాకరన్నా, గీ ఇంచుల ముచ్చట ఇంకెన్నాళ్ళే? సౌదీల నేను ఇంచు పానా ముట్టనే ముట్టలే. ఎంఎం ఒక్కటి సాలు."

"గాడ నీ బండి టైరు రిమ్ము సైజెంత?" అన్నాడు ప్రవీణ్.

"ఇరవై రెండున్నర."

"ఇరవై రెండున్నర ఏంది? ఎంఎమ్మా?"

మేము నవ్వాం. ప్రవీణ్ వదలలేదు. "మొన్న మీ తండాల బోరేసిండ్రు గద, ఎంత లోతు?"

"నాలుగు వందల ఇరవై ఫీట్లు."

"నీళ్ళెన్ని పడ్డయ్?"

"ఇంచున్నర."

"ఇగ నీ ఎంఎం యాడున్నదే?"

"గది వేరే లెక్క తమ్మీ," అని హరిలాల్ మాట మార్చాడు. "రోడ్డు సంగతి సూడు. గాడ అందరు కుడిపక్క నడుపుతరు. మనకు ఉల్టా. అయినా ఒక్కడు ఎదురు రాడు. హారన్ కొడితే తిట్టినట్టు. గీడ కొట్టకుంటే తిడ్తరు. నేనొచ్చిన మొదటి రోజు సూర్యాపేట కాడ గాడి అలవాటుతోని కుడిపక్కనే పోతున్న. అందరికి ఎదురు! ఒక్కడన్నా ఆపిండా? ఆపలే. జరిగి తొవ్వ ఇచ్చిండ్రు. గీ ఊరోడే అనుకున్నరు!"

నా ఛాయ్ ఒలికింది. ప్రవీణ్ నవ్వుతూ రోడ్డు వైపు చేయి చూపాడు. "మనకు గూడ ఆపేటోడు ఒకడున్నడు. అగో, రాంగ్ రూట్ లచ్చయ్య. పెండ్లాన్ని సంపుకొని అప్పుడు నేర్సిండు రూల్సు."

లేత్ ఆగింది. ట్రాలీ ఏదీ పోవడం లేదు.

"ఆ మాట అనకు తమ్మీ," అన్నాడు కృపాకర్.

లేత్ మళ్ళీ తిరిగింది. ఆ ఇబ్బంది పోవాలని హరిలాల్ పాత వాదన ఎత్తుకున్నాడు. "సరే, పానాల కాడికే రా. అర ఇంచు అంటే పన్నెండు ఎంఎం మీద జరంత. రెండు ఒక్కటే. దేంట్లదన్నా ఎక్కుతది."

"ఎక్కనే ఎక్కది. ఎక్కినట్టు అనిపిస్తది. ఆగు, సూపిస్త," అని ప్రవీణ్ పనిముట్ల బల్ల సొరుగు లాగాడు. మొదటి సొరుగులో నమూనా దొరకలేదు. కింది సొరుగు లాగాడు. అందులో పాత బనియను గుడ్డలో చుట్టినదేదో ఉంది. విప్పాడు. తుప్పు పట్టిన నట్టు, అందులో ఇరుక్కుని విరిగిన బోల్టు ముక్క.

"సరిగ్గ గిదే కావాలె!" అన్నాడు. నట్టుకు వెర్నియర్ పెట్టాడు, బోల్టు ముక్క మీది మర చుట్లకు కొలత గేజి పెట్టాడు. తరగతిలో చెప్పినట్టే గొంతు పెంచి చెప్పాడు. "నట్టు అర ఇంచు. బోల్టు పన్నెండు ఎంఎం. సూడుండ్రి, కొస నట్టుల సగం దాంక పోయి ఆగింది. మర కుదరలే, ఇరుక్కున్నది. పానా ఏస్తే బిగిసినట్టే ఉంటది. జోరు పడ్డదంటే ఖతం. ఏ గాడిద బిగిచ్చిండో ఏమో."

"నేనే," అన్నాడు కృపాకర్.

మిషన్ ఎప్పుడు ఆపాడో మేము గమనించలేదు. వచ్చి ప్రవీణ్ చేతిలోంచి నట్టు తీసుకున్నాడు. "గేజి పెట్టినవా? ఖాయమేనా?"

"ఖాయమే అన్నా. ఏందన్నా అది?"

"లచ్చయ్య ట్రాలీది."

ఆయన నిలబడే చెప్పాడు. ఆ ఏడు కోతల సమయంలో షెడ్డు ముందు పది ట్రాలీలు వరుసగా ఉన్నాయి. కొండిని పట్టి ఉంచేవి రెండే బోల్టులు. లచ్చయ్య ట్రాలీకి ఒకటి పోయింది. అప్పుడు అంగుళాలూ ఎంఎంలూ ఒకే డబ్బాలో ఉండేవి. చెయ్యి పెడితే ఒకటి దొరికింది. మూడు చుట్లు తిరిగి ఆగింది. పానా వేసి లాగాడు. బిగిసింది అనుకున్నాడు. మూడో రోజే ట్రాలీ బోల్తా పడితే కాలువ దగ్గరికి అందరితో పాటు చూడ్డానికి పోయాడు. కొండి ఊడి ఉంది. రెండు బోల్టులూ తెగి ఉన్నాయి. బురదలో ఈ ముక్క కనబడితే జేబులో వేసుకున్నాడు.

"పదకొండేండ్లు కొలవలేదా అన్నా?" అన్నాను నేను.

"కొలిస్తే తెలుస్తది గద," అన్నాడు.

చేతులు కూడా తుడుచుకోకుండా రోడ్డు దాటాడు. నేను వెనకే పోయాను. ఒక్కడినే పోనివ్వాలనిపించలేదు.

లచ్చయ్య అప్పుడే ఒక ట్రాక్టరును వెనక్కి పంపి తువ్వాలు భుజాన వేసుకుంటున్నాడు. కృపాకర్ నట్టు చూపించి సంగతి చెప్పాడు. సాకులు చెప్పలేదు, క్షమించమనలేదు. ఏ బోల్టు, ఏ నట్టు, ఎన్ని చుట్లు తిరిగింది, అంతే. లచ్చయ్య నట్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గియ్యాల దాంక జెప్పకపోతివి," అన్నాడు.

"చెప్పలే మామా."

"కోర్టుకు గూడ వస్తివి. ఎనక బెంచీల కూసున్నవు. నేను జూసిన. మంచోడు, నాకోసం వచ్చిండు అనుకున్న."

కృపాకర్ తల దించుకున్నాడు.

"ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. నేను మంచి తొవ్వల పోయినా గది ఊడేదేనా?"

కృపాకర్ లేత్ మీద ఆఖరి కోత తీసే ముందు ఆగినట్టు ఆగాడు. "ఊడేదే మామా. ఆ రోజు గాకుంటే ఇంకో రోజు."

"మరి నేను రోడ్డు దింపకుంటే ఆ రోజు ఉప్పలమ్మ సచ్చేదా?"

"అది కొలిచేటందుకు నా తాన ఏం లేదు."

లచ్చయ్య తల ఊపాడు. ఆ సందు దగ్గర ఆయన కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడు డివైడర్ గట్టు మీద కూర్చున్నాడు. ఒక ట్రాక్టరు వచ్చింది, ఆయన లేవలేదు. డ్రైవరు ఆశ్చర్యంగా చూసుకుంటూ సందులోంచి ఎదురు దారిలోకి దూరిపోయాడు. ఖంగు, ఖంగు అని కొండి చప్పుడు దూరమైంది. ఇద్దరూ అటే తల తిప్పి విన్నారు.

నట్టును లచ్చయ్య తిరిగి ఇవ్వలేదు. తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు.

మర్నాడు ఆయన రాడేమో అనుకున్నాను. వచ్చాడు. తువ్వాలు ఊపితే కొసన ముడి బరువుగా ఊగుతోంది. కృపాకర్ షెడ్డు తెరిచి, లేత్ నడపకుండా, రెండు పానాలు పట్టుకుని రోడ్డు దాటాడు. ఒకటి అంగుళాలది, ఒకటి ఎంఎం. లచ్చయ్య ఆపిన ట్రాక్టరు వెనక్కి తిరిగే లోపు కిందికి వంగి కొండి బోల్టులు చూశాడు.

"ఇద్దరు పిచ్చోళ్ళయ్యిండ్రు, ఇగ తొవ్వ ఇయ్యరు!" అని డ్రైవరు అరిచాడు.

లచ్చయ్య కృపాకర్ వైపు చూడలేదు. కృపాకర్ లేచేదాకా మాత్రం ఆ ట్రాక్టరు ముందు నుంచి కదలలేదు.