కూజాలో గన్నేరు

మొన్న మధ్యాహ్నం యాప్రాల్‌లోని మా ఫ్లాటులో, ఎండకు తాళలేక తెరలన్నీ దించుకుని కూర్చున్న వేళ, మా కోడలు ఫ్రిజ్‌లోంచి ఒక గాజు సీసా తీసి, ఎర్రటి నీళ్ళు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. మందార రేకుల టీ అట, కాచే పని లేదట, రాత్రంతా చన్నీళ్ళలో నానబెడితే సారం మెల్లగా దిగుతుందట. ఆ పిల్ల అంత ముచ్చటగా చెబుతుంటే కాదనలేక అందుకున్నానుగానీ, గ్లాసు పెదవుల దాకా తెచ్చినదాన్ని మళ్ళీ కళ్ళ దగ్గరకు ఎత్తి, అడుగున ఏముందో చూశాను. ఈ వయసులో చూపు ఆనకపోవడం వింత కాదు కనుక తనేమీ అనుకోలేదు. నేను చూసింది మాత్రం చూపు ఆనక కాదు.

నా చిన్నతనంలో మేము బొల్లారం స్టేషనుకు దగ్గర్లో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు బండికి గార్డు. బండి చివర కాలిపోయే ఇనప పెట్టెలాంటి గార్డు పెట్టెలో కూర్చుని నిజామాబాదు వైపు వెళ్ళి వచ్చేవారు. నాన్నకు అక్క, అంటే మా అత్తయ్య, చిన్న వయసులోనే భర్త పోవడంతో మా ఇంట్లోనే ఉంటూ సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. ఎండల్లో వేడి టీ తాగితే నాన్నకు కడుపులో మంట పుడుతోందని, అత్తయ్య వేసవి రాగానే కొత్త కూజా కొని, సాయంత్రం మందారాలో తులసో నిమ్మగడ్డో నీళ్ళలో వేసి, మూతికి తడిగుడ్డ కట్టి, తెల్లవారాక వడకట్టి ఇచ్చేది. దానికి పూల టీ అని పేరు కూడా తనే పెట్టింది. ఒకరోజు పుదీనా, ఒకరోజు సుగంధిపాల వేరు, ఇంకోరోజు గులాబీ రేకులు, ఇలా రోజుకొక ప్రయోగం. రుచి చూసే పని నాది. బాగాలేదంటే చిన్నబుచ్చుకునేది కనుక ప్రతిదీ బాగుందనేదాన్ని.

ఆ రోజు ఉదయం మాత్రం ఒక గుక్క తాగి, చేదుగా ఉందని వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేశాను. వేపచిగుళ్ళు కూడా నాలుగు వేశానని, ఒంటికి మంచిదని అత్తయ్య నవ్వింది. నాన్న అక్కను ఎదురడిగే మనిషి కాదు. మరచెంబు నిండా పోయించుకుని, బిగించి, సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

పొద్దెక్కాక అమ్మ కూజా కడగబోయి, అడుగున మిగిలిన పూలను బండ మీద కుమ్మరించింది. నానిపోయిన పూలన్నీ ఒకేలా ముద్దగా ఉన్నాయి. వాటి మధ్య ఒక రెమ్మకు సన్నగా, పొడుగ్గా, కత్తిలాంటి ఆకు అంటుకుని ఉంది. అమ్మ దాన్ని వేళ్ళతో ఎత్తి చూసి అత్తయ్యను కేకేసింది. అమ్మ పుట్టిందీ పెరిగిందీ బొల్లారంలోనే. కంచెలోని గన్నేరు తిని వాళ్ళ మేక గిలగిలా కొట్టుకుని చచ్చిపోవడం చిన్నప్పుడు కళ్ళారా చూసిందట.

"వదినా, ఏందిది? గిది గన్నేరు గదా!"

సెలవులు కనుక అత్తయ్య ఇంట్లోనే ఉంది. పరుగున వచ్చి, ఆ ఆకును కళ్ళకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూసింది. మా పెరటి గోడ వెంట మందార చెట్టు, ఎర్ర ముద్దగన్నేరు పక్కపక్కనే ఉండేవి. మరుక్షణం అమ్మ నా రెక్క పట్టుకుంది, ముగ్గురం స్టేషను వైపు పరుగు తీశాం. తారు కరిగి కాళ్ళకు అంటుకుంటోంది, నాకు చెప్పులు కూడా లేవు. అయినా నా ధ్యాస అరికాళ్ళ మీద లేదు. నేనూ ఒక గుక్క నోట్లో పోసుకున్నాను, ఉమ్మినదెంతో మింగినదెంతో తెలియదు. గుండె దడదడమంటుంటే అది పరుగువల్లో విషంవల్లో తేల్చుకోలేక, దారంతా దాన్నే వింటూ పరుగెత్తాను. పైకి చెబితే వాళ్ళు నా కోసం ఆగిపోతారేమో, ఈలోగా నాన్న తాగేస్తారేమో అని నోరు మూసుకున్నాను.

స్టేషను మాస్టరు గారు నాన్నకు స్నేహితుడు. అమ్మ చెప్పిందంతా సగం విని టెలిఫోను అందుకున్నారు. "జెర ఆగు చెల్లె, పరేషాన్ గాకు. బండి గిప్పుడే దాటింది. మేడ్చల్‌ల ఆపుతరు, నేను చెప్తున్న" అన్నారుగానీ, ఆయన కూడా కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఫోను తిప్పుతున్నారు.

బయట బల్ల మీద కూర్చున్నాం. పట్టాల మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. అప్పుడు అత్తయ్య, ఎవరివైపూ చూడకుండా, మెల్లగా చెప్పింది.

"పొద్దువాలితే నాకు సరిగ్గా కనబడ్డం లేదమ్మా. తడిమి కోశాను. ఏడాదిగా ఇంతే."

"మరి చెప్పొద్దా వదినా?"

"బడిలో తెలిస్తే తీసేస్తారని భయం. మీకు బరువైపోతానని భయం."

అమ్మ లేచి వెళ్ళి బల్లకు ఆ చివర కూర్చుంది. అమ్మ ఆమెను తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఇంతలో లోపల టెలిఫోను మోగింది. ఆ మోతకు ఇద్దరూ ఒక్కసారే లేచి, ఎప్పుడు దగ్గరకు వచ్చారో తెలియదు, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

నాన్న దారిలోనే నాలుగు గుక్కలు తాగారట. బండి మేడ్చల్ చేరేసరికి వాంతులతో గార్డు పెట్టెలో ఒరిగిపోయి ఉన్నారట. ఎవరిదో లారీలో ఆస్పత్రికి తెస్తున్నారని చెప్పారు. అక్కడికి వెళ్ళాకగానీ నేను నా గుక్క సంగతి బయటపెట్టలేదు. డాక్టరు నా నాడి పట్టుకుని చూసి, ఈ పిల్లకేం కాలేదని నవ్వాడు. నాన్న దగ్గర మాత్రం నవ్వలేదు. నాడి బాగా మందగించింది, తెల్లవారితేగాని ఏమీ చెప్పలేమన్నాడు. మా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తుంటే అత్తయ్య గుమ్మం బయటే నిలబడిపోయింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

నాన్న బతికారు. ఇంటికి వచ్చేలోగా అమ్మ గన్నేరును వేళ్ళతో సహా పెకలించి పారేయించింది. తర్వాత నాన్నే దగ్గరుండి అత్తయ్య కళ్ళకు శుక్లాల ఆపరేషను చేయించారు. అంత భయపడిన బడివాళ్ళు ఆమెను ఒక్క మాటా అనకుండా తిరిగి రమ్మన్నారు. అయినా అత్తయ్య మళ్ళీ కూజా ముట్టుకోలేదు. మరుసటి వేసవిలో ఒకరోజు నాన్న వరండాలో చొక్కా విప్పుకుని కూర్చుని, చాలా మామూలుగా, "అక్కా, పూల టీ పెట్టి చాలా రోజులైంది కదూ" అన్నారు. అత్తయ్య ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే అమ్మ, అత్తయ్య కలిసి పెరట్లోకి వెళ్ళారు. అత్తయ్య కోసిన ప్రతి పువ్వునూ అమ్మ తిప్పి తిప్పి చూసి ఒళ్ళో వేసుకుంది. పొద్దున అత్తయ్య ముందు తాను తాగింది. కాసేపాగి నాన్నకిచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి గటగటా తాగేస్తుంటే అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది, నేను ఆయన గొంతు కదలికనే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజంతా ఆయన్ను వదిలి ఆడుకోవడానికి వెళ్ళలేదు.

ఇప్పుడు పూలు పొట్లాల్లో వస్తున్నాయి. ఏ తోటవో, ఎవరు కోశారో, కోసినవాళ్ళ కంటిచూపు ఎలాంటిదో మనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించదు. అప్పట్లో మా భయమంతా ఒకే కప్పు కింద ఉండేది. పెట్టిన మనిషి, తాగిన మనిషి, తలుపు పట్టుకుని చూసిన మనిషి రోజూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తినేవాళ్ళు. వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయారు. పిల్లలకు చెబుదామనుకుంటాను, చెబితే కోడలు పాపం ఆ సీసా పారబోస్తుందని ఊరుకుంటాను. భయం మాత్రం నాతో ఉండిపోయింది. ఆ వేళ స్టేషనులో ఆ ఇద్దరూ పట్టుకున్నట్టు పట్టుకోవడానికి, అది తెలిసిన చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.